ముట్టుకునే ఆట

2014లో ప్రో కబడ్డీ మొదలైన కాడ్నుంచి ప్రతి సీజన్‌కు ఎవరో ఒకరు పేపర్లో వ్యాసం రాస్తరు. మట్టి కోర్టులు పోయి మ్యాట్లు వచ్చినయని, పల్లె ఆటల వున్న మట్టి వాసన పోయిందని, వెనకటి ఆత్మీయత ఇప్పుడు లేదని బాధపడుతరు. చదివిన ప్రతిసారి వాళ్ళను ఒకటి అడగాలనిపిస్తది. ఆ మట్టి ఎవరు తవ్విండ్రు? చెర్ల నుంచి బరి దాకా తట్టలల్ల ఎవరు మోసిండ్రు? మోసినోళ్ళ పిల్లలను ఆ బరిలకు రానిచ్చిండ్రా?

నేను కబడ్డీ ఆడినోణ్ణి కాదు, చూసినోణ్ణి. ఆడే వొళ్ళు కాదు నాది. చూసే పిచ్చి మాత్రం పదేండ్ల వయసు నుంచి వుంది. ఎక్కడ పోటీలున్నయని తెలిసినా పోయిన. జనగామ, మానుకోట, భూపాలపల్లి, హన్మకొండ, చేతుల పైసలున్నప్పుడు హైదరాబాద్. లారీ ఎక్కి పోయిన, పుష్‌పుల్ రైల్ల నిలబడి పోయిన, వుద్యోగమొచ్చినంక బండి మీద పోయిన. ఈ పాతికేండ్లల్ల రకరకాల బరులు చూసిన. చెరువు మన్ను పోసి ముగ్గుతో గీతలు గీసిన బరి, బడి గ్రౌండ్ల సున్నం పోసి గీసిన బరి, లైట్ల కింద మెరిసే మ్యాటు. వాటి గురించి నాకున్న అనుభవం, పేపర్ల రాసేవాళ్ళ అనుభవం ఒక్కటి కాదు.

కబడ్డీకి రాతలో దొరికే చరిత్ర చిన్నదే. మనకు చెడుగుడు, మరాఠీ వాళ్ళకు హుతుతు, తమిళులకు సడుగుడు. 20వ శతాబ్దం మొదట్లో మహారాష్ట్రలో దీనికి నియమాలు రాసుకున్నారు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ జరిగినప్పుడు అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ వాళ్ళు అక్కడ ప్రదర్శించారు. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడింది. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆట అయింది. ఆడవాళ్ళకు ఆ అవకాశం రావడానికి మరో ఇరవై ఏండ్లు పట్టింది, 2010లో గ్వాంగ్‌జౌ దాకా ఆగాల్సొచ్చింది. ఇవన్నీ పోటీ పరీక్షల పుస్తకాలల్ల వుంటయి. నేనూ బట్టీ పట్టిన. వాటిల్ల లేనిది ఒకటుంది. ఇది ముట్టుకునే ఆట.

క్రికెట్‌లో మనిషికీ మనిషికీ నడుమ బంతి వుంటది. హాకీలో కర్ర వుంటది. వాలీబాల్‌లో వల అడ్డం వుంటది. కబడ్డీలో చెయ్యీ కాలూ తప్ప ఏమీ లేవు. కూతకు వచ్చినోడు అవతలోణ్ణి ముట్టి, దమ్ము తెంపకుండ తన గీత దాకా రావాలె. ముట్టించుకున్నోడు "సచ్చిండు". మా దిక్కు అదే మాట. కూతకు వచ్చినోణ్ణి ఆపాలంటే వాని కాలు పట్టాలె, నడుం పట్టాలె, మీద పడాలె. ఒకని చెమట ఇంకొకనికి అంటకుండ ఈ ఆట లేదు. అంటరానితనం మీద నిలబడ్డ వూళ్ళల్ల ఇంతగా ముట్టుకునే ఆట ఎట్ల నడిచిందో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. మా నాయిన చెప్తే తెలిసింది. నడవలేదు. వూరోళ్ళు వూరోళ్ళతోటి ఆడుకున్నరు. వాడోళ్ళు వాడోళ్ళతోటి ఆడుకున్నరు.

మాది జనగామ పక్కన వూరు. పేరు చెప్పను గని, ఆ చుట్టుపక్కల ఏ వూరి పేరు పెట్టుకున్నా కథ మారదు. కడవెండి, విసునూరు, పాలకుర్తి మా తాత నోట్ల ఎప్పుడూ ఆడిన పేర్లు. 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య పానం పోయింది కడవెండిల. చాకలి ఐలమ్మ తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో కొట్లాడింది పాలకుర్తిల. ఆ పోరాటం వెట్టిని కూల్చింది, దొరలను పట్నం తరిమింది. మా వూళ్ళ గడి ముందరి జాగ మాత్రం గడి పేరు మీదనే వుండిపోయింది. సంకురాత్రికి చెడుగుడు పోటీలు అక్కడనే పెట్టేటోళ్ళు.

పోటీలకు నాలుగు రోజుల ముందు మా తాతకు పిలుపు వచ్చేది. చెర్ల మన్ను తేవాలె, జల్లెడ పట్టాలె, పొయ్యాలె, నీళ్ళు చల్లాలె, కాళ్ళతోటి తొక్కి గట్టి చెయ్యాలె. ముండ్లు, పెంకాసులు, గాజు పెంకులు ఏరాలె. ఇన్ని చేసినంక తాతను పక్కకు జరగమనేటోళ్ళు. ముగ్గుతో గీతలు గీసేది వూరోళ్ళు. గీసినంక తాత ఆ గీత దాటొద్దు. నాలుగు రోజులు కాళ్ళతోటి తొక్కిన మట్టిని అయిదో నాడు కాలు పెడితే మైల పడుతదన్నరు. ఇది ఎట్లనో నాకు ఎవరూ చెప్పలేకపోయిండ్రు, సోషల్ సబ్జెక్టుల బీఈడీ చేసిన నేను గూడ చెప్పలేను.

మా నాయిన, చిన్నాయినలు డప్పులు పట్టుకొని బరి బయట నిలబడేటోళ్ళు. కూతకు పోయినోడు అడుగు ముందుకేస్తే దరువు పెంచాలె, వెనకకొస్తే తగ్గించాలె, ఎవడన్న సస్తే ఒక్క దెబ్బ కొట్టి ఆపాలె. "ఎవడు ఏ కాలు ఎప్పుడు ఏస్తడో వానికంటె ముందుగాల నాకెరికయ్యేది" అంటడు మా నాయిన. అబద్ధం కాదు. ఇప్పటికీ టీవీల ఆట చూస్తుంటే ఆయన ఏలు మంచం పట్టె మీద కొట్టుకుంటనే వుంటది. గెలిచిన జట్టును వూరంత తిప్పేటప్పుడు ముందర నడిచి డప్పు కొట్టాలె. దానికి కూలి కుంచెడు వడ్లు. రాత్రి వెన్నెలల వాడ ముందరి బంజర్ల మా నాయినోళ్ళు వాళ్ళ ఆట వాళ్ళు ఆడుకునేటోళ్ళు. మా నాయిన మంచి ఆటగాడని మా వాడల ముసలోళ్ళు ఇప్పటికీ చెప్తరు. వూరు చూడలేదు, గనుక వూరి లెక్కల లేడు.

డిగ్రీల వున్నప్పుడు హాస్టల్ల ఎవరో ఇస్తే పల్వంకర్ బాలూ గురించి చదివిన. ధార్వాడ్‌ల పుట్టిన చమార్ కులపోడు. పూనాలో తెల్లోళ్ళ క్రికెట్ క్లబ్బుల పిచ్ వూడ్చి, రోలర్ తోలి, నెల తిరిగితె 4 రూపాయలు తీసుకున్నడు. తెల్లోళ్ళకు ప్రాక్టీసుకు బంతి వేసి వేసి ఆ కాలానికి మించిన స్పిన్ బౌలర్ అయ్యిండు. పూనా హిందువుల జట్టుకు ఆయన బంతి కావాల్సొచ్చింది, ఆయన ముట్టిన గ్లాసు మాత్రం పనికిరాలేదు. ఆట నడుమ చాయ్ ఆయనకు బయటనే, వేరే మట్టి ముంతల ఇచ్చిండ్రు. 1911ల ఇంగ్లండుకు పోయిన భారత జట్టుల వందకు పైగా వికెట్లు తీసిండు. ఎన్ని తీసినా హిందువుల జట్టుకు కెప్టెన్ని చెయ్యలేదు. ఆ గౌరవం ఆయన తమ్ముడు విఠల్‌కు 1923ల దక్కింది. ఇదే బాలూ 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున అంబేడ్కర్ మీద నిలబడి ఓడిపోయిండు. మన చరిత్రల ఇట్లాంటివీ వుంటయి, దాచిపెట్టే పని లేదు. నాకు మాత్రం ఆ రోలర్ తోలిన సంగతి దగ్గర మా తాత యాదికొచ్చిండు. చదువుడు ఆపి బయటకొచ్చి కాసేపు నిలబడ్డ.

1990, 91ల అంబేడ్కర్ శతజయంతి జరిగినంక తెలుగు నేల మీద వాడవాడన అంబేడ్కర్ సంఘాలు లేచినయి. మా వాడకు సంఘం కొంచెం ఆలస్యంగ, తొంభైల చివర వచ్చింది. మా పెద్దనాయిన కొడుకు, మేం పెద్దన్న అంటం, ఇంటర్ దాకా చదివిండు. ఆయన మొదలు చేసిన పని రెండు. వూరి పోటీలకు డప్పు కొట్టుడు బంద్ పెట్టిచ్చిండు. వాడ ముందరి బంజర్ల మాకంటూ ఒక బరి గీయించిండు. ఏప్రిల్ 14కు పోటీలు. మన్ను మోసుడు, తొక్కుడు మాకు కొత్త కాదు. గీత గీసుడే కొత్త. మా నాయిన తాడు పట్టకుండ గీసి, వంకర వచ్చిందని మూడుసార్లు చెరిపి మళ్ళ గీసిండు. నేను పేపర్ల వాళ్ళు రాసే మట్టి వాసన పీల్చింది అదొక్క బరిల. కాబట్టి మట్టి మీద నాకు కోపమేమీ లేదు.

2003 సంకురాత్రికి వూరి పోటీలల్ల మా జట్టు పేరిచ్చిండ్రు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. పెద్దబడిల పీఈటీ సారు వూరి పిల్లలను, వాడ పిల్లలను ఒకే జట్టుల ఆడిచ్చి ఆడిచ్చి అప్పటికే కొంత దారి చేసిండు. వూరి యూత్‌ల కొందరు మంచోళ్ళే. ఆడనీయకపోతే బాగుండదన్నరు. మొదటి ఆట గెలిచినం. రెండో ఆటల ఒక పెద్దింటి పిల్లగాడు కూతకొచ్చిండు. బలమైన మనిషి, నలుగురిని ముట్టి గీత దిక్కు మర్రుతున్నడు. పెద్దన్న ఎనక నుంచి ఒంగి వాని చీలమండ పట్టిండు. పడ్డడు. మీద అయిదుగురు. దమ్ము తెగింది.

ఈల వెయ్యంగనే రిఫరీ చెయ్యి మా దిక్కు ఎత్తిండు. ఆటకు సంబంధించి అక్కడికి అయిపోయింది. వెనక నుంచి ఒక గొంతు, కులం పేరు పెట్టి, కాలు పట్టి గుంజుతడా అన్నది. అప్పటి దాకా అది కబడ్డీ పట్టు. ఆ మాట తోటి ఇంకోటి అయింది. పొద్దుమీకినంక ఆ పిల్లగాన్ని ఇంట్లకు రానియ్యకుండ వాకిట్లనే నిలబెట్టి వాళ్ళ తల్లి బిందెడు నీళ్ళు పోసింది. బజార్ల నిలబడి మేమంత చూసినం. ఆ పిల్లగాడు మా బళ్ళోనే నాకంటె రెండు క్లాసులు పైన. తలకాయ కిందికేసుకొని నిలబడ్డడు. వాని మీద నాకు అప్పుడూ కోపం రాలేదు.

తెల్లారి మా అవ్వ కూలికి పోతే పని లేదన్నరు. దుకాణంల వుప్పు లేదన్నరు. ఇరవై రోజులు అట్లనే నడిచింది. పంచాయితీ పెట్టి పెద్దన్నను తప్పైందని ఆ ఇంటి పెద్దమనిషి కాళ్ళు పట్టుకొమ్మన్నరు. ఆటల కాలు పట్టినందుకు పంచాయితీల కాళ్ళు పట్టుకోవాలె. పెద్దన్న పట్టుకోలేదు. ఆ రాత్రే హైదరాబాద్ పోయిండు. సెంట్రింగ్ పనిల దిగి అక్కడనే వుండిపోయిండు. మళ్ళ బరిల దిగలేదు.

చుండూరు గురించి నేను సరిగ్గ చదివింది ఆ తర్వాతనే. 1991ల అక్కడ గొడవ మొదలైంది సినిమా హాల్ల. కూర్చున్నకాడ ఒక దళిత యువకుని కాలు ముందర కూర్చున్న అగ్రకులపోనికి తగిలింది. డిగ్రీ చదివిన పిల్లగాడు. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపిండ్రు. 2007ల ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014ల హైకోర్టు వాటిని కొట్టేసింది. కారంచేడు చెరువు కాడ మొదలైతే చుండూరు సినిమా హాల్ల మొదలైంది. హాలు అంటే టికెట్టు కొన్నోనికి సీటు, కులం అడగరు అని మనం నమ్మిన కొత్త జాగ. కొత్త జాగల్ల మనం కాలు చాపి కూర్చుంటమా లేదా అనేది టికెట్టు తేల్చలేదని చుండూరు చెప్పింది. స్టేడియాల గురించి మాట్లాడేటప్పుడు నాకు ఆ సినిమా హాలు అడ్డమొస్తది.

వూళ్ళ ఆట బంద్ అయినంక మా జట్టు జనగామకు పోవుడు మొదలుపెట్టింది. ప్రెస్టన్ గ్రౌండ్. అమెరికన్ బాప్టిస్టు మిషనోళ్ళ బడి అది. మా తాతల తరంల అక్షరం ముక్క వచ్చినోళ్ళు ఎవరన్న వుంటే ఇట్లాంటి మిషన్ బళ్ళల్లనే వచ్చింది. అందుకే ఆ గ్రౌండ్ల అడుగుపెట్టంగనే మా వాడ పెద్దమనుషులకు ఒక ధీమా వుండేది, సొంత జాగకు వచ్చినట్టు. అక్కడ గట్టి నేల. పడితే మోకాలి చిప్ప మీద తోలు లేచేది. ఎండకు సున్నం గీత కండ్లల్ల పొడిచేది. అయినా అక్కడ మన్ను మా తాత పొయ్యలేదు, అదే గొప్ప. ఎవరింటోడని అడిగేటోడు లేడు. మిర్చి బండి కాడ అందరికి ఒకటే ప్లేటు.

మైకుల జట్టు పేరు పిలుస్తరు గదా, అక్కడ తెలిసిపోయేది. మా జట్టు పేరు అంబేడ్కర్ యూత్. పిలవంగనే కొన్ని తలకాయలు మర్లేవి. ఏదన్న పులి పేరో సింహం పేరో పెట్టుకుందామని ఒకరిద్దరన్నరు. పేరు పెట్టినాయన వూళ్ళ లేడు, ఆయన లేనప్పుడు మార్చేది లేదని మా నాయిన ఖరాకండిగ చెప్పిండు. ఆ పేరుతోనే ఓడినం, ఆ పేరుతోనే రెండుసార్లు కప్పు తెచ్చినం. ఇప్పుడు జనగామల ధర్మకంచ మినీ స్టేడియం వుంది. దాని గురించి నాకు చెప్పేందుకు పెద్దగ ఏమీ లేదు. కూర్చుందుకు మెట్లున్నయి.

2019ల నాకు టీచర్ వుద్యోగం వచ్చింది. మొదటి పోస్టింగ్ మానుకోట జిల్లా. 2016 అక్టోబర్ 11 దాకా జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడూ వరంగల్ జిల్లానే. విడగొట్టినంక కూడా నియామకాలు పాత జిల్లా లెక్కన జరిగినయి గనుక మా అసొంటోళ్ళం ఎక్కడ పడితే అక్కడ పడ్డం. మానుకోట ఎన్టీఆర్ స్టేడియంల నేను చూసిన ఆట వేరే రకం. బయ్యారం, గార్ల, గూడూరు దిక్కు నుంచి కోయ జట్లు, తండాల నుంచి లంబాడ జట్లు వచ్చేవి. లంబాడ పిల్లలు బరిల వాళ్ళ భాషల మాట్లాడుకునేటోళ్ళు. ఎడమోణ్ణి రానియ్యి, కుడి నుంచి గొలుసు కట్టు అని ఎదురుంగనే చెప్పుకుంటుంటే అవతలి జట్టుకు ముక్క అర్థమయ్యేది కాదు. ఒకసారి ఇది అన్యాయం, తెలుగుల మాట్లాడాలె అని ఒక జట్టు రిఫరీకి ఫిర్యాదు చేసింది. రిఫరీ కూడ లంబాడాయనే. నవ్వి ఆట నడిపిండు. ఇండ్లల్ల మాట్లాడే భాషను బళ్ళ మాట్లాడితే తప్పంటం మేం టీచర్లం. అది పనికొచ్చే జాగ నేను చూసింది ఆ బరిలనే. తెల్లారి నుంచి నా క్లాసుల పిల్లలు వాళ్ళ భాషల గుసగుసలాడితే ఏమనలేదు.

2022 జనవరిల 317 జీవో కేటాయింపులల్ల భూపాలపల్లి జిల్లాకు వచ్చిన. ఇది రైలు లేని జిల్లా కేంద్రం. బొగ్గు కోసం పుట్టిన పట్నం. ఇక్కడి స్టేడియం పేరు అంబేడ్కర్ స్టేడియం. ఆ పేరు మైకుల రోజుకు యాభైసార్లు వినబడుతది, ఏ తలకాయా మర్రదు. సింగరేణి పోటీలప్పుడు మొదటి షిఫ్టు దిగినోళ్ళు స్నానం చేసి వచ్చేలోపల వాళ్ళ జట్టు వంతు వచ్చేది. కనురెప్పల మొదట్ల బొగ్గు మసి అట్లనే వుండేది, ఎంత కడిగినా పోదు. బాయిల కింద ఒకని చెయ్యి ఒకడు పట్టుకోకుంటే బతుకు లేదు, గనుక మీద గూడ ముట్టుకునేందుకు పెద్ద పట్టింపు లేదు. సింగరేణి మొత్తం కులం లేని లోకమని రాయను. క్వార్టర్లల్ల ఎవరి ఇల్లు ఎవరికి కిరాయికిస్తరో నాకు తెలుసు. పర్మినెంటోళ్ళు ఆడుతుంటే కాంట్రాక్టు కార్మికులు గోడ మీద కూర్చొని చూసుడు కూడ చూసిన. అయినా నేను చూసిన పాత బరులల్ల మా నాయిన కడుపు నిండ మెచ్చుకున్నది దీన్నే. ఎందుకంటె, "ఈడ డప్పు ఎవ్వడడగలే" అన్నడు.

గచ్చిబౌలి సంగతి కొంచెం వెనకటిది. 2017 జూలై 28. ప్రో కబడ్డీ అయిదో సీజన్ మొదటి ఆట, తెలుగు టైటాన్స్‌కూ తమిళ్ తలైవాస్‌కూ. నాకు వుద్యోగం లేదు, టీఆర్టీ ఎప్పుడు పడుతదా అని అశోక్‌నగర్ల రూమ్ తీసుకొని చదువుతున్న. అందరికంటె తక్కువ టికెట్లు మూడు కొన్నం. పెద్దన్న రెండు రోజుల కూలి అందులనే పోయింది. మా నాయినను వూరి నుంచి పిలిపిచ్చినం.

గేటు కాడ సంచి ఇప్పి చూసిండ్రు, జేబులు తడిమిండ్రు. అందరివీ తడిమిండ్రు. సీటు మీద నెంబరు. మా నాయిన తన నెంబరు రెండుసార్లు చదివిచ్చుకొని కూర్చున్నడు, అటుపక్క ఎవరో ఇంగ్లీషు మాట్లాడే కుటుంబం. వాళ్ళ పిల్లగాడు జారి మా నాయిన కాళ్ళ మీద పడ్డడు. మా నాయిన గబుక్కున కాళ్ళు ముడుచుకున్నడు. ఆ తల్లి "సారీ అంకుల్" అని పిల్లగాన్ని ఎత్తుకుంది. అంతే. ఆమెకు అది యాది గూడ వుండదు. మేం ముగ్గురం దాని గురించి మళ్ళ మాట్లాడుకోలేదు. ఆ క్షణం కోసమే ఆ కొత్త స్టేడియాన్ని నేను మెచ్చుకుంట. దాన్ని ఎవరు తిట్టినా ఒప్పుకోను.

ఆట మొదలైంది. రాహుల్ చౌదరి కూతకు పోతుంటే హాలంత వూగింది. 32, 27తో టైటాన్స్ గెలిచింది. పాట పెట్టెలు, పొగ, రంగు లైట్లు. మా నాయిన ఏలు కుర్చీ పిడి మీద దరువు కొట్టవోయి కొట్టవోయి ఆగింది. ఆ మోతల కాలు కదిలేది తెలుస్తలేదన్నడు. పెద్దన్న ఇంకోటి చూసిండు. తెలుగు జట్టు అంటున్నరు గని మైకుల మన పల్లె పేరు ఒక్కటి గూడ వినబడలేదు. ఎవరన్న మన దిక్కోళ్ళున్నరా అని పక్కోళ్ళను అడిగిండు. వాళ్ళకు తెల్వదు. మానుకోట నుంచో భూపాలపల్లి నుంచో ఒక కోయ పిల్లగాడు ఆ మ్యాటు మీదికి రావాలంటే నడుమ ఏ మెట్లెక్కాలో మాకూ తెల్వదు.

మేం పోయినప్పుడు నాకు తెల్వని సంగతి ఒకటి తర్వాత తెలిసింది. ఆ ప్రాంగణం పేరు జి.ఎం.సి. బాలయోగి క్రీడా ప్రాంగణం. లోక్‌సభకు మొదటి దళిత స్పీకర్. కోనసీమ మనిషి. 2002 మార్చి 3న హెలికాప్టర్ కూలి చనిపోయిండు. అదే ఏడు డిసెంబర్ల జాతీయ క్రీడలు, మరుసటి ఏడు ఆఫ్రో ఆసియా క్రీడలు హైదరాబాద్‌ల జరిగినయి, వాటి కోసమే గచ్చిబౌలి కట్టిండ్రు. ఇన్నేండ్లల్ల ఆటకు పోతున్నమని చెప్పే ఒక్క మనిషి నోట గూడ నేను ఆ పేరు వినలేదు. అందరు గచ్చిబౌలి అంటరు. పేరు పొడుగు గదా అన్నడొక మిత్రుడు. లాల్ బహదూర్ స్టేడియం పేరు గూడ పొడుగే. దాన్ని ఎల్‌బీ స్టేడియం అని పొట్టి చేసుకున్నరు గని ఫతే మైదాన్ అని వదిలెయ్యలేదు. భూపాలపల్లిల చిన్న స్టేడియం పేరు మైకుల రోజుకు యాభైసార్లు వినబడ్డదని పైన ఎందుకు రాసిన్నో ఇప్పుడు అర్థమయితదనుకుంట.

కొత్త మైదానం కులాన్ని గేటు బయట ఆపుతదని నమ్మేటోళ్ళు వందనా కటారియా సంగతి చూడాలె. 2021ల టోక్యో ఒలింపిక్స్. జూలై 31న దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి భారత హాకీ మహిళ. కరోనా వల్ల ఆ స్టేడియంల ప్రేక్షకులే లేరు. నీలం టర్ఫ్, ఖాళీ కుర్చీలు. అంతకంటె కొత్త, అంతకంటె శుభ్రమైన బరి ఎక్కడుంటది? ఆగస్టు 4న సెమీఫైనల్ల అర్జెంటీనా చేతుల భారత్ ఓడింది. ఇక్కడ హరిద్వార్ పక్కన రోష్నాబాద్‌ల ఆమె ఇంటి ముందర అగ్రకులపోళ్ళు పటాకులు కాల్చిండ్రు, జట్టుల దళితులు ఎక్కువైనందుకే ఓడిందని తిట్టిండ్రు. స్టేడియంల కూర్చునే వీలు లేనోళ్ళు ఇంటి ముందరికి వచ్చిండ్రు. నేను ఆ వార్త మా బడి స్టాఫ్‌రూంల చదివి వినిపిచ్చిన. ఒకాయన "అదంత వుత్తరాదిల" అన్నడు. ఆయనది మా వూరి పక్క వూరే.

ఇప్పుడు నేను పనిచేసే బడిల ఆడపిల్లల కబడ్డీ జట్టుంది. పీఈటీ పోస్టు లేదు, గనుక సోషల్ సారే ఈల వేస్తడు. మేం ఆడించేది వూరి క్రీడా ప్రాంగణంల. 2022ల తెలంగాణ అంతట వూరూరికి ఒకటి పెట్టుడు మొదలైంది, బోర్డు కట్టి, ఇనుప కడ్డీలు పాతి. చాలా వూళ్ళల్ల జాగ దొరకలేదు. దొరకనప్పుడు ఎవరి జాగ దొరుకుతదో చదివేవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఈ వూళ్ళది వెనకట ఒక దళిత కుటుంబానికిచ్చిన లావణి పట్టా చెలక. ఇంటాయన పోయిండు. ముసలామె వుంది. కాయితాలు పట్టుకొని తిరిగింది. చెలకకు పక్కపొంటి మిగిలిన జాగల మేకలు మేపుకుంటది. ఆమె మనుమరాలు మా జట్టుల కూతకు పోతది. ఎనిమిదో తరగతి. గాలి లెక్క పోయొస్తది. ఒకనాడు నేను ముసలామెతో ఏదో వోదార్పుగ మాట్లాడవోతే, "సారూ, చెలక పోయింది నాది. ఆట నేర్పుడు నీది. నీ పని నువ్వు చెయ్యి" అన్నది. అప్పటి నుంచి ఆ సంగతి ఆమెతో ఎత్తలేదు. కాయితాల సంగతి మాత్రం ఒక వకీలు మిత్రునితో చూపిస్తున్న.

పోయిన సీజన్ల జిల్లా దాటి హన్మకొండకు సెలెక్షన్లకు పోయినం. అక్కడ మ్యాటు. మట్టి మీద ఆడినోళ్ళకు మ్యాటు మీద కాలు నిలవదు. మట్టి మీద జారితే మట్టే ఆపుతది. మ్యాటు మీద బూటు ఆపుతది. అది గూడ మామూలు బూటు కాదు, పట్టు వుండే బూటు. మా ఏడుగురిట్ల బూట్లు నలుగురికి. మిగిలినోళ్ళు వుత్తకాళ్ళతోటి దిగిండ్రు. ముసలామె మనుమరాలు మొదటి కూతల ఇద్దరిని ముట్టి మర్రంగ కాలు జారి గీతకు జానెడు దూరంల పడ్డది. నాలుగు పాయింట్లతో ఓడినం. గెలిచింది ఒక సాంఘిక సంక్షేమ గురుకులం జట్టు. వాళ్ళకు బళ్ళ మ్యాటుంది. వాళ్ళూ మన పిల్లలే, గనుక ఆ ఓటమి మీద ఎట్ల బాధపడాల్నో నాకు సమజ్ కాలేదు. చప్పట్లు గూడ కొట్టిన.

తిరుగు బస్సుల పరకాల దాటినంక ఆ పిల్ల ఎనక సీటు నుంచి లేచి వచ్చి, "సార్, మ్యాటు ఎంతుంటది?" అని అడిగింది. లక్షకు పైననే అయితదని చెప్పిన. కొద్దిసేపు ఎవ్వలు మాట్లాడలేదు. తర్వాత ఎనక సీట్లల్ల లెక్కలు మొదలైనయి. మిర్చి ఏరుడు ఎన్ని రోజులుంటది, ఆదివారాలు ఎన్నొస్తయి, ఏడుగురు పోతే ఎంత, పన్నెండు మంది పోతే ఎంత. ఒక పిల్ల మ్యాటు మొత్తం ఎందుకు, ముందుగాల బూట్లు కొందాం అన్నది. ఇంకో పిల్ల కాదు, బూట్లు పాడైతయి, మ్యాటుంటే మన చెల్లెండ్లకు గూడ వుంటది అన్నది. భూపాలపల్లి బస్టాండ్ల దిగే దాకా అది తెగలేదు.